పాపికొండలు, లంకతోటలు: వరదకు ముందు, వరదకు వెనుక

గోదావరిని మన స్త్రీలు నదియని పిలుచుట అరుదు. "గోదారమ్మ" యనియే మన నోట వచ్చును. పసుపుకుంకుమ లిచ్చి మ్రొక్కుదుము. కార్తికమాసమున అరటిదొప్పలలో దీపములు విడుతుము. పండ్రెండేండ్ల కొకమారు పుష్కరస్నానమునకై బిడ్డలను చంకనిడుకొని పోవుదుము. పుట్టినింటి పెద్దదిక్కువలె ఆమెతో మనకు చనువు మెండు. అయినను ఆమె ఏ కొండలనడుమనుండి మన యూళ్లకు వచ్చుచున్నదో, వచ్చుచు ఏమి తెచ్చుచున్నదో, కోపించిననాడు ఏమి కొనిపోవుచున్నదో కన్నులార చూచిన సోదరీమణులు మనలో కొలదిమందియే. ఆ కొరత తీర్చుకొనవలెనని మేము కొందరము రాజమహేంద్రవరమునుండి బయలుదేరి, 2022వ సంవత్సరమున మాఘమాసములో ఒకమారును, మార్గశిరములో మరియొకమారును పాపికొండలను, దిగువనున్న లంకతోటలను చూచి వచ్చితిమి. ఆ రెండు యాత్రలనడుమ ఆషాఢమాసమున గొప్ప వరద వచ్చినది. ఒకే తావును వరదకు ముందును, వరదకు వెనుకను చూడగలిగినందున మా మనస్సునకు తోచిన సంగతులను ఇచట వ్రాయుచున్నాము.

గోదావరి నాసిక ప్రాంతమున త్ర్యంబకేశ్వరమువద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియును. భారతదేశపు నేలలో ఇంచుమించు పదియవవంతుపై కురిసిన వాననీరు ఈ నదిలోనికే చేరును. వార్ధా, వైనగంగలను కలుపుకొని వచ్చు ప్రాణహిత, బస్తరు అడవులనుండి దిగివచ్చు ఇంద్రావతి, కూనవరమువద్ద కలియు శబరి, ఇన్ని నదుల నీటికిని తూర్పుకనుమలను దాటిపోవుటకు ఒక్కటే ద్వారము. ఆ ద్వారమే పాపికొండలు. రాజమహేంద్రవరమువద్ద రెండు కిలోమీటర్లకు మించిన వెడల్పుతో పరచుకొనియుండు నది ఈ కొండలనడుమ కొన్నివందల గజములకు కుదించుకొనిపోవును. వెడల్పు తగ్గినకొలది లోతు పెరుగును. పాపికొండల సౌందర్యమునకును, భయంకరత్వమునకును ఈ ఇరుకుదనమే కారణమని మేము తరువాత తెలిసికొంటిమి.

ఆ పేరు ఎట్లు వచ్చెనో వినుడు. స్త్రీ తలదువ్వుకొని తీసిన పాపిడివలె నది కొండలను రెండుగా తీర్చినందున వీనికి పాపిడికొండలని పేరు కలిగి, అదియే పాపికొండలైనదని పెద్దలు చెప్పుదురు. ఆంగ్లేయులకు మాత్రము ఇవి అడవిదున్నల కొండలు. ఇచటి కొండరెడ్ల జీవితమును గూర్చి హైమెండార్ఫుగారు 1945లో ప్రకటించిన గ్రంథమునకును ఆ పేరే పెట్టిరి. అడవిదున్నలకేమి, పెద్దపులికిని, చిరుతకును కూడ ఈ యడవి నిలయము. వేయి చదరపు కిలోమీటర్లకు మించిన ఈ వనమును 2008లో జాతీయోద్యానముగా ప్రకటించిరి.

మాఘమాసమున మేము వెళ్లినప్పుడు పడవలు గండిపోచమ్మ గుడియొద్దనుండి బయలుదేరుచుండెను. వెనుకటి కాలమున రాజమహేంద్రవరపు రేవులోనే పడవ యెక్కి కొండలలోనికి పోవువారు. పోలవరమువద్ద ఆనకట్ట పని సాగుటచేత ఇప్పుడు దానికి ఎగువకు బండిలో పోయి పడవ యెక్కవలసియున్నది. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, పడవవా రిచ్చిన తేలుచొక్కాలను తొడిగికొని కూర్చుంటిమి. మాలో పెద్దవయస్సు ఆమె యొకరు "పట్టుచీరపై ఈ చొక్కా యేమమ్మా!" యని నవ్విరి గాని, తీయుదునని మాత్రము అనలేదు.

పడవ మొదట వెడల్పైన నీటిలో నెమ్మదిగా పోయెను. క్రమముగా కొండలు ఇరువైపులనుండి దగ్గరకు జరిగెను. ఒక మలుపు తిరిగినంతనే ముందున్న దారి మూసికొనిపోయినట్లు కనబడును. నీరు ఎటుపోవునో తెలియదు. మరి నాలుగు నిమిషములకు కొండ ప్రక్కకు తొలగి, వేరొక మడుగు ఎదుట నిలుచును. చలికాలపు చివరి దినములు కావున టేకులు ఆకు రాల్చి నిలిచియుండెను. వెదురుపొదలు పసుపువన్నెకు తిరిగియుండెను. అక్కడక్కడ మోదుగ చెట్టొకటి తొందరపడి ఎర్రని మొగ్గ తొడిగియుండెను. నీరు ముదురాకుపచ్చ. కొండల నీడ ఆ నీటిలో కదలక నిలిచియున్నందున ఏది కొండ, ఏది నీడ యని చెప్పుట కష్టముగా నుండెను. ఇంజను ఆపిన కొంతసేపు ఆ నిశ్శబ్దమున నీటిపిట్ట రెక్కచప్పుడు కూడ వినబడెను. ఇంటిపనుల సందడిలో బ్రదుకు మనకు అట్టి నిశ్శబ్దము ఎంత విశ్రాంతియో అనుభవించినగాని తెలియదు.

కచ్చులూరు దగ్గరకు వచ్చినప్పుడు పడవ నడుపువాడు మాట తగ్గించి ఒకవైపు చేయి చూపెను. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన వరదనీటిలో యాత్రికుల పడవ యొకటి అచటనే మునిగి, ఏబదిమందికి దాపుగా ప్రాణములు కోల్పోయిరి. అచట నీరు రెండువందల యడుగులకు మించి లోతని నాడు చెప్పిరి. పడవను పైకి తీయుటకు అయిదు వారములకు పైగా పట్టినది. మేము చూచిన నాడు ఆ మడుగు అద్దమువలె నుండెను. ఈ నది యందమును చూచి దాని బలమును మరచుట తగదని ఆ యద్దమే మాకు చెప్పినట్లుండెను.

పేరంటాలపల్లిలో దిగితిమి. గట్టెక్కిన చెట్లనీడలో శివాలయము, ప్రక్కనే రాళ్లపైనుండి జారు సెలయేరు. నీటిలో కాలుపెట్టిన ప్రయాణపు బడలిక తీరిపోవును. కొండరెడ్ల ఆడవారు వెదురును సన్నగా చీరి, పొరలు పొరలుగా లేపి, రంగులద్ది పువ్వులు చేసి యమ్ముచుండిరి. కత్తి యొక్కటే వారి పనిముట్టు. కొండరెడ్లు తరతరములుగా ఈ గట్లపై నివసించుచు, కొండవాలున పోడు సాగుచేసికొని, చింతపండు, తేనె, వెదురు అడవినుండి తెచ్చుకొని బ్రదుకువారు. జీలుగుచెట్టు వారికి ఇంటిబిడ్డవంటిది. దాని కల్లు వారికి వేసవిలో సగము ఆహారమే. ఏ చెట్టు ఏ యింటివారిదో ఊరంతకును తెలిసియుండును.

కొండలను చూచితిమి గాని, కొండలు దాటివచ్చిన నది ఏమి చేయుచున్నదో చూచుట మిగిలియుండెను. కావున మరునాడు దిగువకు పోతిమి. ధవళేశ్వరమువద్ద ఆర్థరు కాటనుదొర 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ఆనకట్ట మన డెల్టాకు అన్నము పెట్టిన సంగతి తెలియనివారు లేరు. దాని స్థానమున ఇప్పుడు 175 తలుపుల బ్యారేజి యున్నది. అచటినుండి నది గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలి, నడుమ నడుమ ఇసుకదిబ్బలను, మట్టిదిబ్బలను పెంచును. అవియే లంకలు. ఊళ్లు ఏటిగట్టునకు లోపల క్షేమముగా నుండగా, లంకలు గట్టునకు వెలుపల నది యొడిలో నున్నవి. గట్టు వానికి కాపుదల కాదు. నది ఇచ్చినంతకాలమే అవి భూములు.

గౌతమీపాయలో నాటుపడవపై ఒక లంకకు చేరితిమి. ఒడ్డెక్కినంతనే అరటితోట. గెలల బరువునకు చెట్లు వంగకుండ వెదురుబొంగులు ఆనించియుండిరి. దానిని దాటిన బంతిమడులు, చేమంతిమడులు. చేమంతి ఋతువు ముగియుచున్నను పసుపురాసి పోసినట్లు మడులు వెలుగుచుండెను. తెల్లవారక మునుపే ఆడవారు పూలు కోసి గంపల కెత్తుదురు. అవి పడవలో గట్టుదాటి కడియపులంక పూలసంతకు పోవును. మన పూజామందిరమునకును, పెండ్లిపందిరికిని చేరు దండలలో ఈ లంకపూవు లెన్ని యుండునో!

ఆ తోట యజమానురాలికి ఏబదియేండ్ల వయస్సుండును. చేమంతిమడిలో మోకాళ్లపై కూర్చుండి కలుపు తీయుచు మాతో మాటలాడెను. పిడికెడు మట్టి తీసి మా చేతిలో పెట్టి, "చూడండమ్మా, వెన్నలాగుంటాది. ఇది మేం తెచ్చిన మట్టి కాదండి. ఏటా గోదారమ్మ పెట్టి పోయేదే" యనెను. ఆ మాట పరమసత్యము. ఎగువ రాష్ట్రముల నల్లరేగడినుండి, బస్తరు అడవులనుండి కొట్టుకొనివచ్చిన సన్నని ఒండ్రు, కొండల ఇరుకున వడిగా పరుగెత్తునప్పుడు నీటిలోనే తేలియుండి, మైదానమున నీటి వేగము తగ్గినచోట నేలకు దిగును. పాపికొండలలో మేము చూచిన ఇరుకును, ఈ లంకతోటను ఒకే త్రాట కట్టినది ఆ ఒండ్రే. అక్కడ నిలువని మట్టి ఇక్కడ నిలిచి పువ్వయినది.

తిరుగుదారిలో కడియమునకు పోతిమి. అది గట్టునకు లోపలి సీమ. అచటి మొక్కలతోటలు మన రాష్ట్రములకే కాదు, దేశమున పలుచోట్లకు పేరుపడినవి. గులాబి, మందారము, కనకాంబరము, అంటుమామిడి, మనము పేరెరుగని విదేశపు మొక్కలు బారులుతీరి యుండును. సంచులలో మట్టి నింపుట, అంట్లు కట్టుట, నీరు చల్లుట మొదలైన పనులలో ఆడవారి చేతులే యెక్కువగా కనబడును. మేము తలకొక గులాబిమొక్క కొనుక్కొని యింటికి వచ్చితిమి.

ఆ యేడు ఆషాఢమున, జూలై రెండవవారములో, తెలంగాణమునను, మహారాష్ట్రమునను, ఛత్తీసుగఢమునను ఎడతెగని వానలు కురిసెను. సామాన్యముగా గోదావరికి పెద్దవరదలు శ్రావణ భాద్రపదములలో వచ్చును. ఇది ముందుగా వచ్చిన వరద. భద్రాచలమువద్ద నీటిమట్టము 53 అడుగులు చేరిన మూడవ ప్రమాదహెచ్చరిక చేయుదురు. జూలై 16వ తేదీన అది 71.3 అడుగులు చేరెను. 1986వ సంవత్సరము ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగుల వరదయే దీనికన్న పెద్దదిగా లెక్కకెక్కినది. 1990 నాటి 70.8 అడుగులను కూడ ఇది మించినది.

వరదకు పాపికొండలు ఏమి చేయునో ఇంటి యుదాహరణముతో చెప్పెదము. సన్నమూతి కూజాలోనికి బిందెడు నీరు ఒక్కమారుగా వంచిన ఏమగును? లోనికి పోవునంత పోగా తక్కినది పైకి పొంగి చుట్టును పారును. ఎగువనుండి వచ్చిన నీరు కొండల సందులో త్వరగా దాటలేక వెనుకకు ఎగదన్నును. అదే సమయమున శబరియు నిండివచ్చుటచేత కూనవరము, వరరామచంద్రాపురము, చింతూరు ప్రాంతములు దినములతరబడి నీట నిలిచిపోయెను. ఇండ్ల పైకప్పులు మాత్రము వరుసగా తేలియుండెను. సందును దాటిన నీరేమో మిక్కిలి వడితో దిగువకు ఉరికెను.

ధవళేశ్వరమున 175 తలుపులును ఎత్తివేసిరి. క్షణమునకు 25 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు సముద్రమునకు విడిచిరి. ఈ సంఖ్య మనవంటివారి మనస్సున నిలువదు. పదియడుగుల పొడవు, పదియడుగుల వెడల్పు, పదియడుగుల ఎత్తుగల గది యొకటి యూహింపుడు. అట్టి గదులు రెండువేల యైదువందలు నిండ నీరు, కన్నుమూసి తెరచునంతలో మన ముందునుండి సాగిపోవుచున్నదని తలచుకొనుడు. రాత్రింబవళ్లు అదే తీరు.

మేము రాజమహేంద్రవరపు గట్టుపై నిలిచి చూచితిమి. మాఘమున ఆకుపచ్చగా నున్న నీరు ఎర్రమట్టి కలిపిన కళ్లాపివలె నుండెను. మ్రానులు వేళ్లతో కొట్టుకొనివచ్చుచుండెను. గడ్డివాము ఒకటి విడిపోకుండ, పైని కాకితో సహా పోయెను. అరటిచెట్లు గెలలతో పోయెను. ఏ యింటిదో ఒక తలుపు, గడపకు పసుపు పూసిన గురుతుతోడనే, మెల్లగా తిరుగుచు పోయెను. గట్టుపై వందలమంది యున్నను పెద్దగా మాటలాడువారు లేరు. ముదుసలి యొకతె పసుపు, కుంకుమ, రవికగుడ్డ నీటిలో విడిచి, "చాలమ్మా, ఇక చాలు" అని చేతులు జోడించెను. ఆ లంకయు, ఆ చేమంతిమడులును మాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చెను.

మార్గశిరమున మరల ఆ లంకకు పోతిమి. రేవు మారిపోయినది. వెనుక దిగిన యొడ్డు కోసుకొనిపోయి, అచట నిట్టనిలువు గోడవలె మట్టి నిలిచియుండెను. అరటితోట యున్నచోట బోసినేల. అరటికి నీరు ఇష్టమే గాని నిలువనీరు గిట్టదు. వేళ్లకు గాలియాడక నాలుగైదు దినములలో దుంప కుళ్లిపోవును. చేను మూడు విధములుగా మారియుండెను. నీరు నెమ్మదిగా నిలిచినచోట జేనెడు ఒండ్రు పడి, అప్పుడే వేసిన కూరపాదులు నవనవలాడుచుండెను. వడిగా పారినచోట ఇసుక మేటవేసి, గడ్డిపోచ కూడ మొలవలేదు. మిగిలినది కోతపడి నదిలో కలిసెను. వరద సారవంతమైన మట్టి తెచ్చునని మనము బడిలో చదువుకొంటిమి. అది నిజమే. కాని ఏ చేనుకు ఒండ్రు పడునో, ఏ చేనుకు ఇసుక పడునో, ఏ చేను లేకుండ పోవునో, ఆ పంపకము నీటి వేగముది. దానిలో ధర్మాధర్మ విచారణ లేదు.

ఆ తోట యజమానురాలు మమ్ము గుర్తుపట్టి, "మీరా అమ్మా! రండి, రండి. అప్పుడు కూర్చున్న మంచం లేదు గాని, చోటుకేం లోటు లేదు" అని నవ్వి తాటాకుచాప పరచెను. వరదకథ ఆమె చెప్పిన తీరున ఏడ్పు లేదు. సగమురాత్రి నీరు మడిలోనికి వచ్చినదట. తెల్లవారునప్పటికి ఆవును, దూడను, మనుమలను పడవ కెక్కించిరట. ఏమి తెచ్చుకొంటిరని అడిగితిమి. ఆమె కొంత సిగ్గుపడి, "గంపెడు చేమంతి పిలకలండి. మా ఆయన తిట్టేడు. బియ్యం బస్తా ఒదిలేసి మొక్కలేంటే అన్నాడు. బియ్యం ఎవరైనా పెడతారండి. తల్లిమొక్క పోతే ఎవరు పెడతారు?" అనెను.

గట్టులోపల తమ్ముని యింటి పెరటిలో, పగిలిన కుండలలో, నూనెడబ్బాలలో ఆ పిలకలను నాటి, నీరు తీసిన దాక కాపాడెనట. చేమంతి గింజతో గాక పిలకలతోడనే పెంపొందును. తల్లిమొక్క యున్న చాలు, మడి మరల నిండును. ఆమె చూపిన క్రొత్తమడిలో మోకాలెత్తు మొక్కలు సన్నని మొగ్గలతో నిలిచియుండెను. కార్తికమునకు రావలసిన పువ్వు సంక్రాంతికి వచ్చునట. ఒక పండుగ తప్పెను గాని తోట తప్పలేదు. ఆ యేడు చేసిన అప్పు తీరుటకు ఇంక రెండేండ్లు పట్టునని కూడ ఆమెయే చెప్పెను. లంకవారి ధైర్యమును మెచ్చుకొనుట తేలిక. ఆ ధైర్యమునకు వడ్డీ ఉన్నదని మరువరాదు.

మరునాడు కొండలలోనికి పోతిమి. గండిపోచమ్మగుడి గోడలపై బురదచార యింకను మాసిపోలేదు. ఇటీవలి యేండ్లలో వరదవేళ ఆ గుడి పలుమార్లు నీట మునిగినది. పడవ మలుపు తిరిగినంతనే వెనుకటి సౌందర్యమే. అంతకంటె పచ్చగా, అంతకంటె నిండుగా నున్నది. నీరు మరల తేటపడినది. వరద యన్నది వచ్చెనా యనిపించును. కాని తలయెత్తి చూచితిమి. మా తలలపైన, పడవ కప్పునకు ఎంతో యెత్తున, చెట్లకొమ్మలలో గడ్డియు, చీరపేలికలును చిక్కుకొని వ్రేలాడుచుండెను. నీరు అంతవరకు వచ్చినది! ఒడ్డున కొన్ని యూళ్లలో పైకప్పులేని గోడలు, తలుపులులేని గుమ్మములు, ఎవరును నీరుపోయని తులసికోట యొకటి కనబడెను. ఇవి ఆ యేటి వరద ఒక్కటియే చేసిన పని కాదు.

ఇచట కొంత వివరింపవలయును. పోలవరపు ఆనకట్ట పనిలో భాగముగా 2021వ సంవత్సరమున నదిని దాని సహజమార్గమునుండి 48 తలుపుల స్పిల్వే మీదుగా మరలించిరి. నాటినుండి కొండలనడుమ నీరు వెనుకటికంటె ఎత్తున నిలుచుచున్నది. ఆనకట్ట పూర్తియై జలాశయము 45.72 మీటర్ల మట్టమునకు నిండిననాడు మూడువందలకు మించిన నివాసములు, సుమారు లక్ష కుటుంబముల ఇండ్లువాకిళ్లు నీటిక్రిందికి పోవునని లెక్క. వీరిలో కొండరెడ్లు, కోయలు పెక్కుమంది. దిగువయూళ్లవారు కొందరు ముందుగనే పునరావాసపు కాలనీలకు చేరిరి. ఆ నీటివలన 2.91 లక్షల హెక్టార్లు క్రొత్తగా సాగగును, విశాఖపట్టణమునకు నీరు అందును, 960 మెగావాట్ల విద్యుత్తు పుట్టును. ఇవి చిన్నమేళ్లు కావు. మరియొకచోట ఎన్నియో తోటలు ఈ నీటితో పూయును. కాటనుదొర ఆనకట్ట ఫలము ననుభవించుచున్న మనము ఆ మేలును కాదనలేము.

కాని రేవున వెదురుబుట్ట లమ్ముచున్న యొక ముసలమ్మ మాట మా చెవులలో నిలిచిపోయినది. ఆమెది ఎగువనున్న కొండయూరు. ఇప్పుడు కాలనీలో నుండి, పగలు వచ్చి బుట్టలమ్ముకొని పోవుచున్నది. లంకలోని చేమంతిపిలకల సంగతి మా మనస్సున నుండుటచేత, "ఊరు విడిచినప్పుడు ఏమి తెచ్చుకొంటిరమ్మా?" అని అడిగితిమి. ఆమె చేతిలోని కత్తి ఆపి మా వంక చూచి, "గిన్నెలు తెచ్చినం. కోళ్లు తెచ్చినం. జీలుగుచెట్టు ఎట్ల తెస్తమమ్మా? కొండ ఎట్ల తెస్తం?" అని, మరల వెదురు చీల్చుకొనసాగెను. ఇల్లు పక్కాది, దీపమున్నది, దారియున్నది అని ఆమెయే చెప్పెను. వెదురు మాత్రము ఇప్పుడు కొనితెచ్చుకొనవలెనట.

వరదకును ముంపునకును గల భేదము మాకు ఆ మాటతో తేటపడెను. వరద వచ్చి పోవును. ఎంత చెడుగు చేసినను, పోవునప్పుడు నేలను విడిచిపోవును. నేల మిగిలినచోట తల్లిమొక్క పనికి వచ్చును. జలాశయపు నీరు వచ్చి నిలుచును. దానికి "వెనుక" యన్నది లేదు. లంకస్త్రీ చేతిలో గంపెడు పిలకలున్నవి, నాటుటకు అదే మడి యున్నది. కొండస్త్రీ చేతిలో కత్తియు, విద్యయు నున్నవి గాని, ఆ విద్య పుట్టిన అడవి ఆమెకు దూరమైనది. నష్టపరిహారమున ఇంటికి వెలకట్టవచ్చును, పొలమునకు వెలకట్టవచ్చును. ఏ చెట్టు ఎవరిదో ఊరంతయు ఎరిగియుండు ఆ తెలివికి వెల కట్టుట యెట్లు? దేశమునకు నీరు కావలసియుండవచ్చును. నీరు త్రాగువారు ఆ నీటిక్రింద ఎవరి గుమ్మమున్నదో తెలిసికొనియుండుట కనీసధర్మము.

సోదరీమణులారా, పాపికొండలను మీరును తప్పక చూడుడు. కార్తికమునుండి ఫాల్గునమువరకు అనువైన కాలము. నీరెక్కువగా నున్నదని పడవలు ఆపిన దినమున తొందరపడి ఏ చిన్నపడవయో యెక్కకుడు. తేలుచొక్కాను బిడ్డలకు ముందుగా తొడిగి, మీరును తొడిగికొనుడు. తినుబండారముల సంచులను నదిలో విడువక ఇంటికి తెచ్చుకొనుడు. పేరంటాలపల్లి వెదురుపూవునకు బేరమాడకుడు. ఒడ్డున ఖాళీగోడలు కనబడినప్పుడు ఆ యూరి పేరడిగి, వెంటనున్న బిడ్డలకు చెప్పుడు. ఊరు పోయినను పేరు కొంతకాలము నోట బ్రదుకును.

ఈసారి పూలసంతలో చేమంతి మూర కొన్నప్పుడు ధర హెచ్చుగా నున్నచో, అది ఏ వరదను దాటి వచ్చిన పిలకయో యని ఒక్కక్షణము తలచుకొనుడు. మాఘమున కడియమున మేము కొన్న గులాబి మా పెరటిలో పూచుచున్నది. దాని మొదట నున్న మట్టియు ఏనాడో ఆ కొండలసందును దాటివచ్చినదే.